కొండెక్కిన సైకిలు

ఆసుపత్రి కొండ మీద, ఇల్లు కొండ కింద. నర్సమ్మ రోజూ సైకిలు మీదే డ్యూటీకి బయలుదేరేది కానీ, ఎత్తు మొదలయ్యే చోట దిగిపోయి, మొండి దూడను తోలినట్టు దాన్ని తోసుకుంటూ ఎక్కేది.

సైకిలు షాపు నడిపే ఆమె వదిన ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "వెనక గేర్ల పళ్ళచక్రాలు మార్చి పెద్దవి వేస్తాను, కొండ ఎక్కేస్తావు. కాకపోతే చదును రోడ్డు మీద ఇప్పటంత జోరుగా పోలేవు. ఏది కావాలో నువ్వే చెప్పు."

"జోరుగా పోయి ఎవర్ని ఉద్ధరించాలి వదినా? కొండే ఎక్కించు."

"ఎక్కించేది నేను కాదు తల్లీ, నీ కాళ్ళు."

ఆ సాయంత్రమే వదిన కొత్తవి వేసిపెట్టింది. మర్నాడు పొద్దున ఎత్తు దగ్గర నర్సమ్మ అలవాటుగా దిగబోయి, ఆగి, అన్నిటికంటే తేలిక గేరు వేసింది. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం చీమలా పాకుతోంది. పక్కన నడుస్తున్న ముసలాయన, "నాకంటే నెమ్మదేనమ్మా!" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వడానికి ఊపిరి మిగిలినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మలుపు దాటేసరికి ఊరంతా కాళ్ళ కిందికి దిగిపోయింది. ఇన్నేళ్ళూ తల వంచుకుని తోసుకొచ్చిన ఈ దారిలో ఇంత ఆకాశం ఉందని ఆమెకు తెలియనే తెలియదు.

ఆసుపత్రి గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఇంత ఎత్తూ ఈ రెండు కాళ్ళేనా ఎక్కింది? వదినకు ఫోను చేసింది.

"ఎక్కావా?" అంది వదిన.

ఫోనులో కనబడదన్న సంగతే మరిచిపోయి, ఆమె తల ఊపుతూ ఉండిపోయింది.