తీగ చుట్టిన పువ్వు

నా మరిది దేవసహాయం మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మంట. మా ఆయన జకర్యా పోయిన నెలకే, అల్వాల్‌లో మా రెండిళ్ళ మధ్యనున్న కూరగాయల మడిలో కిరాయికి గది వేస్తానన్నాడు. ఏటా జనవరిలో మా చర్చి కోత పండుగకు ప్రార్థన బల్ల ముందు కానుకగా పెట్టే కాలీఫ్లవర్ ఆ మడిలోదే. ఇరవై ఏళ్ళు మా ఆయనే పెంచాడు.

"ఈసారి నేను పెంచుతా," అన్నాను.

"పెంచు వదినా. పండుగకు పువ్వు చర్చికి చేరితే మడి నీదే. లేకుంటే మేస్త్రీని పిలుస్త."

ఆ రోజు నుంచి అతనితో మాటలు మానేశాను.

తొంభై ఆరు చలికాలం అది. వేళ్ళు కొంకర్లు పోతున్నా రోజూ పురుగులు ఏరాను. ఇరవై మొక్కల్లో ఒక్కటే పనికొచ్చే పువ్వు వేసింది. ఎండ తగిలితే పువ్వు పసుపు తిరుగుతుంది కనుక ఆకులు పైకి మడిచి కట్టాలి. తెల్లవారుజామున మంచులోనే కట్టేసి, రాంగోపాల్‌పేట్‌లో నేను పాఠాలు చెప్పే బడికి పోయేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే ముడి నాది కాదు. మరిది పగలంతా విప్పి ఎండకు పెట్టి, నేను వచ్చేలోగా కడుతున్నాడన్నమాట. దొంగ వెధవ! ఈసారి ఇనుప తీగ చుట్టి, పట్టకారుతో బిగించాను. వారం దాకా నేను మళ్ళీ విప్పలేదు.

పండుగ ముందురోజు శనివారం తీగ తెంచాను. పువ్వు నల్లగా కుళ్ళి కంపు కొట్టింది.

దేవసహాయం గోడ పక్కనే నిలబడ్డాడు. "మంచు తడి మీద కట్టొద్దని అన్న చెప్తుండె. తడి ఆరేదాంక రోజు ఇప్పి, ఎండ పడకుండ నేనే అడ్డం కూసుంటుంటి. నువ్వు తీగ చుట్టినవ్."

"చెప్పడానికి నోరు లేదా?"

"చెప్తే ఇంటుంటివా?"

వినేదాన్ని కాదు. ఇంకో చుట్టు తీగ వేసేదాన్ని.

"పోనీ తియ్ వదినా. మడి నువ్వే ఉంచుకో," అన్నాడు.

ఆ జాలికి నాకు తల కొట్టేసినట్టయింది. "నీ దయ నాకొద్దు. మాట మాటే. సోమవారం మేస్త్రీని పిలువు," అన్నాను.

ఆదివారం చర్చికి పోలేదు. సోమవారం పొద్దున్నే మడిలో గునపం దిగింది. తప్పు నాదేనని వెళ్ళి చెబితే ఆ పని ఆగిపోతుందని తెలుసు. తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను.