ఆపద వస్తే ఎవరికి చెప్పాలి

వేరే దేశంలో చేతిపంపులు బాగుచేసి పెడతానని ఒక సేవాసంస్థకు దరఖాస్తు పెట్టాను. జీతం లేదు. తిండి, పడక వాళ్లవి. ముప్పై ఏళ్లు అదే పని చేసినవాణ్ణి. ఇంట్లో కూర్చుని గోడలు చూడటం కంటే నయం అనుకున్నాను.

వాళ్ల షరతులు నాలుగు పేజీలు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి, అందులో రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఏ కేసులూ లేవని పోలీసుల కాగితం తేవాలి. ఎల్లో ఫీవర్ టీకా బయలుదేరడానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. దాని కార్డు చూపించకపోతే అక్కడ విమానం దిగిన చోటి నుంచే తిప్పి పంపుతారు. టీకా వేయించుకున్నాను. ఫొటోలో నవ్వకూడదన్నారు. అదొక్కటే నాకు తేలిక.

"పక్కింటివాళ్లతో పలకవు. అంత దూరం పోయి ఎవరికి సేవ చేస్తావు బావా?" అంది మరదలు ఫారం తిరగేస్తూ. నా భార్య చెల్లెలు.

"పంపులకి."

"అవైతే ఎదురు చెప్పవులే."

ఆఖరి పేజీలో, ఆపద వస్తే ఎవరికి చెప్పాలి అన్న గడి ఖాళీగా ఉంది. తన పేరు రాయమంది. రాయలేదు. అక్క జబ్బు సంగతి ఆమెకు ఏడాది ముందే తెలుసు. నాకు ఆఖరి వారంలో డాక్టరు చెప్పాడు. తను పోయి మూడేళ్లయింది. మరదలు ఏడ్చింది, కాళ్లు పట్టుకుంది. నేను మరిచిపోయే రకం కాదు.

ఆమె వెళ్లాక ఆ గడిలో నా భార్య పేరే రాశాను. తన పాత నంబరూ రాశాను. పోతూ పోతూ తను నాకు చెప్పలేదు, నేను పోతే తనకే చెప్పుకోండి. కసి, అంతే.

వారం తిరక్కుండా ఆఫీసుకు రమ్మన్నారు. రెండో అంతస్తులో చిన్న గది. కాగితాలు చూసే ఆవిడ నా ఫైలు తెరిచి, "మీ ఇంటావిడతో మాట్లాడానండి" అంది. "ఎవరిని పంపినా ముందు ఇంటికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగడం మా పద్ధతి."

ఫైలు మీదికి వంగి ఆ గడిలో నంబరు చూశాను, నేను రాసిందే.

"రక్తం గ్రూపు సరిపోయింది. సల్ఫా మాత్రలు మీకు పడవటగా, మీరు రాయలేదేం? ఒళ్లంతా దద్దుర్లు లేచి రెండు రోజులు కళ్లు తెరవలేదట."

అది పెళ్లయిన ఏడాది సంగతి. చూసింది తనొక్కతే.

"మూడోది?"

ఆవిడ కాగితం నా వైపు తిప్పింది. "అందరినీ అడిగేదే, ఏమీ అనుకోకండి. జరగరానిది జరిగితే మనిషిని ఇక్కడికి తీసుకురావాలా అని. 'తేనక్కర్లేదు, నేనే అక్కడికి వస్తాను' అన్నారు."

నా ఫోను తీసి ఆ నంబరు నొక్కాను. వాడుకలో లేదంది.

"మా లైనులో కలుస్తుందండి" అని బల్ల మీది ఫోనులో తనే కలిపి నా చేతికిచ్చింది.

రెండుసార్లు మోగింది. ఎత్తారు. అవతల ఏ చప్పుడూ లేదు. ఫ్యానుదీ లేదు, వీధిదీ లేదు, ఊపిరిదీ లేదు.

"టీకా వేసిన చెయ్యి వాచిందా?" తన గొంతే.

వాచింది. ఎవరికీ చెప్పలేదు. చొక్కా చెయ్యి మణికట్టు దాకా దించి ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. మూడేళ్లుగా అడగాలనుకున్నది అదొక్కటే.

"చెప్పాను. రెండుసార్లు. మీరు పంపు విప్పుకుని కూర్చున్నారు. ఊఁ అన్నారు."

"అబద్ధం."

అవతల పెట్టేశారు.

ఆ ఊఁ నాకు గుర్తులేదు. ఊఁ అనని రోజు కూడా గుర్తులేదు.

"ఏమంటారు మరి?" అంది కాగితాల ఆవిడ. "ఆవిడ పేరే ఉంచమంటారా? వద్దంటే కొట్టేసి ఇంకొకరిది రాయండి. జవాబు కింద మీ సంతకం లేకుండా వీసాకి పంపలేను. ఇవాళే ఆఖరు."

మరదలి నంబరు నాకు నోటికొచ్చు. పెన్ను చేతిలోనే ఉంది. ఒక్క గీత గీస్తే అయిపోయేది.

ఉంచమన్నాను. తన జవాబు కింద సంతకం పెట్టాను. చెప్పానంటుంది. చెప్పలేదంటాను. ఈ తగువు ఫోనులో తెగేది కాదు. వస్తానన్న చోటికి రానీ.