గంటకు పది లీటర్లు

షెడ్డులో రెండో ఇంజిన్ మొదటిసారి అందుకున్నప్పుడు మా అత్తగారు వంటింట్లోంచి చెప్పుల్లేకుండా గేటు దాకా పరుగెత్తారు. మిట్టమధ్యాహ్నం, నడివీధిలో, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. ఎదురింటి దర్జీ మిషను ఆపి బయటికొచ్చాడు. చప్పుడు మా ఇంటి వెనక నుంచి వస్తోందని అందరికీ తెలుస్తూనే ఉంది. అయినా అందరూ పైకే చూశారు. నేనూ చూశాను, సిగ్గులేకుండా.

అది మా ఆయన ఇంజిన్ గొంతే. సరిగ్గా చెప్పాలంటే దాని కవల గొంతు. ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి ఒకే రకం పాత ఇంజిన్లు రెండు కొన్నారు. ఒకటి విమానానికి, ఇంకొకటి అవసరమైనప్పుడు సామాను విప్పుకోవడానికి. విమానం అనగానే పెద్దదేదో ఊహించుకోకండి. చెక్క, గుడ్డ, ఇనుప గొట్టాలు. ఇద్దరు కూర్చుంటే మూడోవాళ్ళ గొడుగు కూడా పట్టదు. మా ఆయన పంపుల ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవారు. సెలవు దొరికితే షెడ్డే లోకం. నాకు సవతి ఉంది, దానికి రెక్కలు మొలుస్తున్నాయి అని మా అక్కతో మొత్తుకునేదాన్ని. ఆ రెక్కల గుడ్డ కుట్టింది మాత్రం నేనే, ఏం చేస్తాం.

ఒక ఉదయం ఆయన దాంట్లో సముద్రం మీదికి వెళ్ళారు. దూరంగా ఉన్న లైట్‌హౌస్ చుట్టూ ఒక చక్కరు కొట్టి, ఎక్కడా దిగకుండా వచ్చెయ్యాలి. పోను రాను రెండున్నర గంటలు. ఎక్కేముందు నావైపు తిరిగి, "నేనొస్తానో రానో, వంటింటి కుళాయి మాత్రం తమ్ముడితో బాగుచేయించుకో," అని నవ్వారు. ఆయన వేళాకోళాలన్నీ అలాగే ఉండేవి. రాకపోయాక అది వేళాకోళమో, చెప్పిపోవడమో అర్థం కాలేదు.

లైట్‌హౌస్ కాపలాదారు మబ్బుల వెనక ఇంజిన్ చప్పుడు విన్నానన్నాడు. ఎటు తిరిగిందో చూడలేదన్నాడు. ఆ తర్వాత దాన్ని విన్నవాళ్ళు ఎవరూ లేరు.

లేరని అనకూడదేమో. మా ముందుగది కిటికీ అద్దం ఉంది. ఆ ఇంజిన్ ఒక వేగంలో తిరిగితే ఆ అద్దం జుమ్మని పలికేది. ఆయన పోయాక కూడా కొన్ని ఉదయాలు, ఏ చప్పుడూ లేకుండా, అద్దం పలుకుతుంది. చట్రంలో అట్టముక్క మడిచి కుక్కాను. అయినా ఆగలేదు. పళ్ళు తోముకుంటూ ఉన్నదాన్ని ఉన్నట్టు ఆగిపోతాను. పక్కగదిలో అత్తగారి అడుగులు కూడా ఆగిపోతాయి. కాసేపటికి అద్దం నోరు మూస్తుంది, మేమిద్దరం మళ్ళీ పనిలో పడతాం. దాని గురించి మేం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

విచారణకు వచ్చిన అధికారి మర్యాదస్తుడే. ట్యాంకులో ఎంత పోశారని అడిగాడు. మూతిదాకా నింపాం, ముప్పై ఎనిమిది లీటర్లు పట్టే ట్యాంకు అన్నాడు మా మరిది. గంటకెంత తాగుతుందని అడిగాడు. పది అన్నాడు. అధికారి ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకుని, ‘పెట్రోలు సరిపడా ఉంది’ అని రాసుకున్నాడు. పడవవాళ్ళకు దొరికిన రెక్క గుడ్డ ముక్క చూపించాను. దాని మీద కుట్టు నాది, ఎక్కడున్నా గుర్తుపడతాను. అది దొరికిన చోటు నుంచి మా తీరానికి విమానంలో అరగంట. అలలు ఎక్కడివో ఎక్కడికో తెస్తాయమ్మా అన్నాడాయన.

‘పెట్రోలు సరిపడా ఉంది.’ ఊరికి ఆ మూడు ముక్కలు చాలు. తిరిగి రావడానికి పెట్రోలు ఉండి కూడా రాలేదంటే, రావాలని లేక రాలేదు. పారిపోయాడన్నారు కొందరు. కావాలనే సముద్రంలో దించేశాడన్నారు ఇంకొందరు. ఎలా చూసినా కారణం నేనే. నోరుగల పెళ్ళాం ఉంటే మొగుడు ఆకాశాన పోక ఏం చేస్తాడట! నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. అక్షరాలు ఆనడం లేదని వచ్చిన ఆడవాళ్ళు నా మొహంలో మాత్రం అన్నీ చదివేసి పోయేవారు.

ఊరంతా ఒకవైపు, మా అత్తగారు ఒక్కరూ ఒకవైపు. "నా కొడుకు పెళ్ళాన్ని వదిలి పోయే రకం కాదు. ఎక్కడో లెక్క తప్పింది," అని ఎవరన్నా ఉన్నా లేకపోయినా అనేవారు. పడవల రేవులో టికెట్ల గదిలో తల నెరిసిన మనిషి. ఆవిడ దగ్గర చిల్లర కొట్టేసి బయటపడ్డవాడు లేడు. ఆవిడే మరిది వెంటపడ్డారు.

"ఆ రెండో ఇంజిన్ ఊరికే తుప్పు పడుతోంది కదరా. బాగుచెయ్యి. గంటకెంత తాగుతుందో మళ్ళీ కొలువు."

"అన్నయ్య కొలిచాడు కదమ్మా!"

"నువ్వూ కొలువు. చేతులు అరిగిపోతాయా?"

మరిదికి మోటారు సైకిళ్ళు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. దాన్ని మూసుకుని మరీ షెడ్డులో కూర్చున్నాడు. నాకు తెలియాల్సింది ఒక్కటే. లైట్‌హౌస్ దగ్గర ఆయన విమానం ముక్కు ఇంటివైపు తిప్పారా, లేదా? తిప్పి, దారిలో పెట్రోలు అయిపోయి పడిపోయారంటే ఏడుస్తాను. ఏడ్చి, ఎలాగో బతుకుతాను. తిప్పలేదంటే మాత్రం ఎలా బతకాలో నాకు తెలీదు.

కొలవడంలో పెద్ద మర్మమేం లేదు. ట్యాంకు మూతిదాకా నింపాలి. గాల్లో పోయేటప్పుడు ఎంత వేగంగా తిరుగుతుందో అంత వేగంగా ఇంజిన్‌ని గంటసేపు తిప్పి ఆపాలి. మళ్ళీ మూతిదాకా నింపాలి. రెండోసారి ఎంత పడితే అంత తాగినట్టు. మా ఆయన విమానాన్ని తాళ్ళతో కట్టేసి అలాగే కొలిచారు, పదే పట్టింది. మరిది ఆ రోజు దుకాణంలో ఉన్నాడు. ఆ రకం ఇంజిన్లు పదిహేనుకు తక్కువ తాగవని అందరూ అనేవారు. "అందరి చేతులూ నా చేతులూ ఒకటేనా?" అని కార్బురేటర్‌ని చంటిపిల్లలా నిమిరేవారు మా ఆయన. ట్యాంకులో ఎంత ఉందో చూపే ముల్లు ఒకటి పెట్టారు గానీ, అది గాల్లో ఊరికే ఊగులాడేది. "దాన్ని నమ్మను. గడియారాన్ని నమ్ముతాను," అనేవారు.

మరిది ఇంజిన్‌ని ఇనుప చట్రం మీద బిగించి, మొదట్లో అతుకు కారుతోందని పక్కన పడేసిన ట్యాంకుని బాగుచేసి తగిలించాడు. కార్బురేటర్‌ని అన్నగారు సవరించినట్టే సవరించాడు. ఆ రోజంతా నేను దుకాణానికి సెలవు పెట్టి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. ఇంజిన్ వేగం అందుకుంది. ఇంట్లో అద్దం పలికింది. ఈసారి దానికి కారణం ఉంది కాబట్టి భయపడకూడదు అనుకున్నాను. ఇంతలో ఇంజిన్ ముందు బిగించిన ఫ్యాను గాలికి, మేకుకు వేలాడుతున్న ఆయన పాత చొక్కా పొట్ట ఉబ్బించుకుని రెండు చేతులూ ముందుకు చాపింది. తీసెయ్యమని మరిదికి సైగ చేశాను. అతను చూసి, తల దించుకున్నాడు. గంటసేపూ ఆ చొక్కా అలాగే మమ్మల్ని రమ్మంటూ ఉంది.

ఇంజిన్ ఆగింది. మరిది క్యానుతో పోస్తూ, పోస్తూ పోయాడు. పది దాటింది. పన్నెండు దాటింది. పదహారు దగ్గర పొర్లింది.

"వదినా!" అన్నాడు. "పదహారు."

"మళ్ళీ తిప్పు," అన్నాను.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పదహారే.

"రెండున్నర గంటలు రాదు వదినా. పదహారు తాగితే దారిలోనే అయిపోతుంది." క్యాను కింద పెట్టి తల పట్టుకున్నాడు. "కానీ అన్నయ్య అంత తప్పు కొలుస్తాడా? నన్ను చుక్క కింద పొయ్యనిచ్చేవాడు కాదు. ఆరు లీటర్లు ఎలా పోతాయి?"

అప్పుడే అత్తగారు స్టూలు ఒకటి చంకన పెట్టుకుని వచ్చారు. చప్పుడు ఆగింది కదా, ఇక తీరిగ్గా కూర్చుని సంగతి కనుక్కుందామని. కూర్చుని, ఇంజిన్‌ని ఎగాదిగా చూశారు.

"తోక లేదేంరా దీనికి?"

"ఉత్త ఇంజినే కదమ్మా. తోక ఎందుకు?"

"మీ అన్నయ్య కొలిచిన రోజు తోక ఎత్తి దాని కింద నా స్టూలు పెట్టాడు. గాల్లో ఉన్నప్పుడు అది బల్లపరుపుగా ఉంటుందటగా, అలాగే ఉంచి కొలవాలన్నాడు. నింపాడు, గంటసేపు తిప్పాడు, ఆపాడు. సరిగ్గా అప్పుడే నేనొచ్చి, అటక మీద డబ్బా అందడం లేదురా, నా స్టూలు నాకివ్వు అన్నాను." ఆవిడ మొహంలో చాలాకాలానికి నవ్వు కనిపించింది. "వాడి చేతిలో పెట్రోలు క్యాను. ఇంకొకడైతే కసురుకునేవాడు. వీడు క్యాను పక్కన పెట్టి, తోక కిందికి దించి, స్టూలు పట్టుకొచ్చి, డబ్బా కూడా వాడే దించిపెట్టాడు. తర్వాత పోయి పెట్రోలు పోసుకున్నాడు. ఎంత పనిలో ఉన్నా నా మాట తీసేశాడా ఎప్పుడైనా?"

మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. అతని తర్వాత ఒక్క క్షణానికి నాకూ అర్థమైంది.

ఆ విమానం తోక నేలమీద ఉంటే ముక్కు పైకి లేచి ఉంటుంది. ట్యాంకు మూతి వెనక చివర ఉంది. ముక్కు లేచినప్పుడు పోస్తే, వెనక మూతి దగ్గర పొర్లిపోతుంది గానీ ముందు మూలన ఇంకా ఖాళీ ఉంటుంది. వంచి పట్టిన చెంబు నిండినట్టు. తోక ఎత్తి నింపారు, తోక దించి నింపారు. తాగింది పదహారైతే, పట్టింది పది. వెళ్ళిన రోజు కూడా తోక నేలమీదే ఉంది కాబట్టి, నిండిందనుకున్న ట్యాంకులో ఆ ఆరు లీటర్లు లేనే లేవు. ఉన్నది ముప్పై రెండు, రెండు గంటలకే సరి. మిగిలింది అరగంట దూరం. నా కుట్టు దొరికిన చోటు.

తిప్పారు. లైట్‌హౌస్ దగ్గర ముక్కు ఇంటివైపు తిప్పారు. నా దగ్గరికే వస్తున్నారు.

ఎంత ఆనందం వేసిందో చెబితే పాపం అంటారు. మొగుడు ఎక్కడ చచ్చిపోయాడో తెలిసిన ఆడది అంత ఆనందపడకూడదు. వీధిలోకి పోయి, ఒక్కొక్క గుమ్మం ముందు నిలబడి అరవాలనిపించింది. ఆ అధికారిని కాలరు పట్టుకుని లాక్కొచ్చి ఆ మూడు ముక్కలూ కొట్టేయించాలనిపించింది.

"అమ్మా," అన్నాడు మరిది, కళ్ళనిండా నీళ్ళతో. "అమ్మా, ఆ స్టూలు..."

నేను అతని మోచెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లాను.

కానీ ఆవిడ చూసేశారు. టికెట్ల గదిలో కూర్చున్న కళ్ళు కదా. మా ఇద్దరి మొహాలూ, పక్కనున్న క్యానూ, తను కూర్చున్న స్టూలూ వరసగా చూశారు. నవ్వు పోయింది. రెండు చేతులూ స్టూలు అంచుల్ని పట్టుకున్నాయి.

"స్టూలుకేమైంది? నేను తీసుకున్నందుకు ఏమన్నా... కొలత ఏమన్నా తేడా వచ్చిందా అమ్మాయ్?"

విచారణ ఆఫీసులో చెప్పాలంటే ఆ రోజు చూసిన సాక్షి ఈవిడ ఒక్కరే. ఈవిడ చెప్పాలి, నేనడిగాను, వాడు దించాడు అని. చెప్పి, ఇంటికొచ్చి, ఇదే ఇంట్లో, ఆ అద్దం పక్కన పడుకోవాలి.

"మీకన్నీ అనుమానాలే అత్తయ్యా!" అని కసిరాను. కసరడం నాకు బాగా వచ్చు. "స్టూలుకీ పెట్రోలుకీ ఏం సంబంధం? ఏ తేడా లేదు. ఇదిగో, రెండుసార్లు కొలిచాం. పది. ఆయన చెప్పినంతే. చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు."

మరిది నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఆవిడ చేతులు స్టూలు అంచుల్ని వదిలాయి. ఊపిరి పీల్చుకున్నారు. గండం గడిచింది అనుకున్నాను. కానీ పెదవులు నెమ్మదిగా కదలడం మొదలుపెట్టాయి. ఆవిడ లెక్క కడుతున్నారు.

"ముప్పై ఎనిమిది పోశాడు. గంటకు పది." వేళ్ళు మడిచి చూసుకున్నారు. "అయితే పెట్రోలు ఉండగానే రాలేదన్నమాట."

నేను ఏదో ఒకటి అనాలి. ఏ మాట అన్నా ఆవిడ మళ్ళీ స్టూలు దగ్గరికే వస్తారు. వంగి క్యానుకి మూత బిగించాను.

ఊరంతా ఒక్కటై అన్నా నమ్మని మనిషి, నేనన్నానని నమ్మారు. చూస్తుండగానే ముసలివారైపోయారు. లేచి వచ్చి, పెట్రోలు కంపు కొడుతున్న నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"అందరూ నిన్నంటుంటే కాదని పోట్లాడాను. వాడు అలాంటివాడు కాదనుకున్నాను తల్లీ. నా కొడుకు నీకు అన్యాయం చేసి పోయాడు. వాడి తప్పుకి నన్ను క్షమించు."

మరిది గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. అమ్మ అడిగితే స్టూలు ఇచ్చారు, నా కోసం వెనక్కి తిరిగారు. అరగంట దూరంలో ఉన్నారు. గొంతుదాకా వచ్చింది ఆ మాట. మింగాను.

"పోనీలెండి అత్తయ్యా," అన్నాను. "ఆయన్ని నేను ఎప్పుడో క్షమించేశాను."