మూడు సెకన్లమ్మ

ఆఫీసులో అందరూ ఆమెను మూడు సెకన్లమ్మ అనేవారు. కిడ్నీ మార్పిడికి ఎవరి పేరు వరుసలో ఉండాలో, ఎవరిది పోవాలో యంత్రమే తేలుస్తుంది. మనిషి చూడకుండా ఏదీ ఖాయం చేయకూడదని నిబంధన ఉంది కాబట్టి ఆమె చూడాలి. చూసేదేముంది, నా తలకాయ! రోజుకు వేలకొద్దీ ఫైళ్లు. ఫైలుకు మూడు సెకన్లు, 'సరే' మీట మీద ఒక నొక్కు. ఆమె వేలు పడీ పడీ ఆ మీట నున్నగా అరిగింది. పక్కనున్న 'ఒప్పుకోను' మీట మాత్రం ఆరేళ్లయినా కొత్తదిలాగే ఉంది.

సోమవారం పొద్దున డయాలిసిస్ గది నుంచి చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, నా పేరు తీసేశారట. ఎందుకని అడిగితే, మనిషే చూసి ఒప్పుకున్నారు, అంతకుమించి తెలీదంటున్నారు. ఎవరక్కా ఆ మహాతల్లి?"

"కంగారుపడకు, నేను కనుక్కుంటాగా. దాని చెయ్యి విరిచేస్తాను."

ఫైలు తెరిచింది. కారణం రాయాల్సిన చోట ఏమీ లేదు. చూసినవారి గడిలో తన పేరే ఉంది. శనివారం, మధ్యాహ్నం పన్నెండు. ఆ వేళకు ఆమె సెలవు పెట్టి చెల్లెలి మంచం పక్కనే కూర్చుని ఉంది.

పరుగున సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది. "నేను నొక్కలేదు సార్! ఆరోజు నేను రానేలేదు."

"మీరు రాకపోతే పని ఆగకూడదు కదమ్మా. ఆరేళ్ల మీ తీరు చూసి, మీరేమంటారో యంత్రమే అనేస్తుంది. ఒక్కసారైనా కాదన్నారా? పోనీ ఇప్పుడు అనండి, ఎవరొద్దన్నారు?"

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. తిరిగొచ్చి, ఆ కొత్త మీటను గట్టిగా నొక్కింది.

తెర ఆగింది. సరిగ్గా మూడు సెకన్లు.

'ఇది మీ తీరు కాదు. కుర్చీలో ఉన్నది మీరేనని నిర్ధారణ కాలేదు. మీ తరఫున సరిదిద్దుతున్నాం.'

మళ్లీ నొక్కింది. పిడికిలితో గుద్దింది. "నేనే! నేనే ఇక్కడున్నది!" అని అరిచింది. పక్క సీట్లవాళ్లు ఒకసారి తలెత్తి చూసి, ఎవరి ఫైళ్లలో వాళ్లు పడిపోయారు.

ఆమె భయంతో చేతులు ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు ఆ అరిగిన మీట ఎవరూ తాకకుండానే కిందికి దిగి, పైకి లేచింది. చెల్లెలి ఫైలు మూసుకుంది. మూడు సెకన్లకు మరో ఫైలు. మీట మళ్లీ దిగింది.

ఫోన్ మోగింది.

"అక్కా, ఎవరో తెలిసిందా?"