ఎల్డ్రిడ్జ్ కౌంటీ పార్టీ సుత్తి

నేను ఒక కొయ్య సుత్తిని. మేకులు కొట్టే పని నాది కాదు. సభలో అధ్యక్షుడి చేతిలో ఉండి బల్ల మీద పడటం, ఎవరు మాట్లాడాలో ఎవరు ఇక కూర్చోవాలో ఆ చప్పుడుతో చెప్పడం నా పని. మీ భాషలో సుత్తి అంటే విసుగు పుట్టించే మాట అనే అర్థం కూడా ఉందట. పార్టీ హాలు చూసుకునే పాండు ఒకసారి నన్ను తుడుస్తూ ఆ సంగతి చెప్పి తనలో తానే నవ్వుకున్నాడు. అరవై ఏళ్లుగా పార్టీ సభలు విన్నదాన్ని, నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

అమెరికా నడిమధ్యన, మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఎల్డ్రిడ్జ్ కౌంటీ మాది. కౌంటీ అంటే మీ జిల్లా లాంటిదే, కాస్త చిన్నది. గాలివానకు కూలిన ఒక అక్రోటు చెట్టు మొద్దులోంచి యోనాస్ అనే వడ్రంగి నన్ను తీశాడు. అతను లిథువేనియా నుంచి సరుకుల ఓడలో వచ్చి, రేవులో దిగి, ఎవరికీ ఏ కాగితమూ చూపించకుండా జనంలో కలిసిపోయిన మనిషి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా బడికి బల్లలూ చర్చికి బెంచీలూ అతని చేతనే చేయించుకున్నారు, చనిపోయినప్పుడు మంచి రాయి చెక్కించి పాతిపెట్టారు. ఇప్పుడైతే అతన్ని పట్టుకెళ్లడానికి మూడు బండ్లు వచ్చేవి.

నా అధ్యక్షుల్లో నేను ఎక్కువ కాలం ఉన్నది వాల్టర్ ప్రూయిట్ చేతిలో. కార్ల విడిభాగాల దుకాణం అతనిది. ఇరవై నాలుగేళ్లు కౌంటీలో పార్టీని నడిపాడు. పెద్ద మేధావి ఏం కాదు, కానీ అవతలివాడు చెప్పేది పూర్తయ్యేదాకా నన్ను ఎత్తేవాడు కాదు. ఎత్తితే ఒక్క దెబ్బ. రెండో దెబ్బ అవసరమైందంటే తప్పు తనదేనని అనేవాడు.

వాల్టర్‌కు ఉపాధ్యక్షుడు దోనేపూడి గోవర్ధనరావు. గుంటూరు జిల్లా నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చి మందుల దుకాణం పెట్టి, ఇక్కడి పౌరుడయ్యాడు. గోవర్ధన అనే పేరు వీళ్ల నోట పలకదు గనక గోర్డన్ అయ్యాడు, కొన్నాళ్లకు గోర్డీ అయ్యాడు. పిలిచినవాళ్లకంటే ఆ పిలుపు మీద మోజు అతనికే ఎక్కువ. అతని భార్య సువర్చల. ఆమె తమ్ముడు పాండురంగారావు వాళ్లింటి కింది అంతస్తులో ఉండేవాడు. పార్టీ హాలు తలుపు తీయడం, కుర్చీలు వేయడం, సభ అయ్యాక ఊడ్చి తాళం పెట్టడం, అన్నీ పాండువే. జీతం లేని పని, బావగారి పని. నా పెట్టె కూడా అతని చంకలోనే వాళ్లింటికి వెళ్లేది. నాకు తెలుగు వచ్చింది అక్కడే. నెలకోసారి నాకు కొబ్బరినూనె రాసేవాడు. వేసవి విందుకు అతను చేసే కోడివేపుడు కోసం ముప్పై మైళ్ల నుంచి కార్యకర్తలు వచ్చేవారు.

పాండు పదమూడేళ్ల కిందట ఉద్యోగం మీదే వచ్చాడు. ఆ కంపెనీ చేతులు మారింది. తరవాతి కంపెనీ వకీలు ఒక దరఖాస్తు గడువు దాటించేశాడు. దాని మీద అప్పీలు నడుస్తోంది. అది తేలేదాకా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, ఏడాదికొకసారి వలసల ఆఫీసుకు వెళ్లి కనపడి రావాలి. తొమ్మిదేళ్లుగా ఒక్కసారి కూడా తప్పకుండా వెళ్లాడు. మిగతా రోజుల్లో ఆస్పత్రి వంటశాలలో పనిచేసేవాడు.

ఇట్లా ఉండగా రాజధానిలో మా పార్టీ పెద్ద నాయకుడు ఇక పోటీ చేయనని ప్రకటించాడు. అతని కుర్చీ కోసం ముగ్గురు వారసులు బయల్దేరారు. ముగ్గురికీ చెప్పుకోవడానికి వేరే సంగతి దొరకలేదు. ఒకడు రోజుకు వెయ్యిమంది పరాయివాళ్లను పంపేస్తానంటే రెండోవాడు రెండు వేలన్నాడు, మూడోవాడు లెక్కే వద్దన్నాడు. ఆ గాలి మా చేలదాకా వచ్చేసరికి వాల్టర్‌కు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో నన్ను గోవర్ధనరావుకు అందించి, ఆరు వారాల్లో అధ్యక్షుడి ఎన్నిక పెట్టుకోమని చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు.

గోవర్ధనరావుకు పోటీగా దిగింది వాల్టర్ అన్న కొడుకు కర్ట్. అతను గోవర్ధనరావు గురించి చెడ్డమాట ఒక్కటీ అనలేదు. గోర్డీ చాలా మంచివాడు, కాకపోతే ఈ విషయంలో అతను మనలా ఆలోచించగలడా అని మాత్రం ఇంటింటికీ వెళ్లి అడిగాడు. ఆ ప్రశ్న గోవర్ధనరావు నిద్ర పాడుచేసింది. తనలో మెతకదనం లేదని రుజువు చేయాలనుకున్నాడు. రెండో వారంలో తీర్మానం తెచ్చాడు. కౌంటీ పోలీసులు వలస అధికారులకు సాయం వెళ్లాలి, మూతపడ్డ చెప్పుల ఫ్యాక్టరీ గోదామును పట్టుబడినవాళ్లను ఉంచడానికి ఇవ్వాలి.

కౌంటీ పోలీసులకు పెద్ద షెరీఫ్ హచిన్స్. అతనూ పార్టీ మనిషే. ఆ రోజు లేచి, తన దగ్గర పదకొండు ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని, రాజధాని నుంచి రోజుకు ఇంతమందిని పట్టాలని లెక్క వస్తోందని, వలస అధికారుల్లో పాతవాళ్లు మానేస్తుంటే కొత్తవాళ్లను కొద్ది వారాల శిక్షణతో దింపుతున్నారని చెప్పాడు.

"వాళ్లకు దాక్కున్నవాళ్లు దొరకరు," అన్నాడు. "దొరికేది తలుపు తట్టగానే తీసేవాళ్లు, రమ్మంటే వచ్చేవాళ్లు. నా మాట రాసిపెట్టుకోండి."

ఒక్కొక్కరికి ఇచ్చే మూడు నిమిషాలు అప్పటికి అయిపోయాయి. గోవర్ధనరావు నన్ను ఎత్తాడు. హచిన్స్ ఆగకపోతే రెండోసారి, మూడోసారి కొట్టాడు. తీర్మానం నెగ్గింది. వెనక వరసలో పాండు ఖాళీ కుర్చీలు మడుస్తున్నాడు. చేతులు ఎత్తినవాళ్లలో అతని కోడివేపుడు తిననివాళ్లు లేరు.

ఎన్నిక ఇక శనివారమే అనగా, సోమవారం పొద్దున గోవర్ధనరావు కాఫీ తాగుతుంటే పాండు కిందినుంచి పైకి వచ్చాడు. నేను నా పెట్టెలో అదే బల్ల మీద ఉన్నాను. పాండు చేతిలో కాగితాల ఫైలు.

"బావా, రేపు నన్ను కనపడి పొమ్మన్నారు. వెళ్లినోళ్లని వెళ్లినట్టే పట్టుకుంటున్నారంట. వకీలు ఇంకో తారీకు అడుగుదామంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

గోవర్ధనరావు కప్పు కింద పెట్టి, తప్పు చేసినవాడికి గదా భయమన్నాడు. వెళ్లకపోతే కర్ట్ మనుషులకు తెలుస్తుందని, అధ్యక్షుడి ఇంట్లో మనిషి దాక్కున్నాడంటారని కూడా అన్నాడు. ఈ రెండో మాట గొంతు తగ్గించి అన్నాడు.

"సరే బావా, వెళ్తాను," అన్నాడు పాండు.

మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు పట్టుకుని వెళ్లాడు. పదింటికి లోపలికి పిలిచారు. పదిన్నరకు చేతులకు బేడీలు వేసి బండి ఎక్కించారు. ఎక్కించిన కుర్రాడికి ఉద్యోగంలో అది నాలుగో వారమట. అప్పీలు కాగితం చూపిస్తే, అది చదవడం తన పని కాదన్నాడట. సాయంత్రానికి పాండు చెప్పుల గోదాములో ఉన్నాడు. తొంభైమందికి వేసిన మంచాల మధ్య నూట నలభైమంది, పడుకోవడానికి వంతులు.

బుధవారమంతా సువర్చల ఫోన్లు చేస్తూనే ఉంది. వకీలు కోర్టులో అర్జీ వేశాడు గానీ అది జడ్జి దాకా వెళ్లడానికి రోజులు పడుతుంది. గురువారం సాయంత్రం షెరీఫ్ హచిన్స్ తనంతట తానే వాళ్లింటికి వచ్చాడు. టోపీ తీసి, కూర్చోకుండానే చెప్పాడు. గోదాము నిండిపోయిందని, శుక్రవారం మధ్యాహ్నం సగంమందిని వెయ్యి మైళ్ల అవతల ఎడారిలోని శిబిరానికి పంపేస్తున్నారని, అక్కడికి వెళ్తే ఈ కోర్టుకూ ఈ వకీలుకూ పాండు అందడని చెప్పాడు. కౌంటీలో బాధ్యతగల మనిషి ఎవరైనా ఇతను నాకు తెలుసు, పూచీ నాది అని రాసి సంతకం పెడితే, జడ్జి వినేదాకా ఇతన్ని ఇక్కడే ఉంచమని ఆ అధికారుల్ని ఒప్పించగలనన్నాడు. సభలో తన నోరు మూయించిన సంగతి ఎత్తలేదు. పన్నెండు లోపల అని మాత్రం రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

సువర్చల కాగితం, కలం తెచ్చి భర్త ముందు పెట్టింది.

"సంతకం పెట్టండి. అంతకన్నా నేనేం అడగటంలా."

"పెడతాను. శనివారం కానీ. గెలిస్తే నా మాటకి విలువుంటది, అప్పుడు ఎక్కడున్నా తెప్పిస్తాను. ఇప్పుడు పెడితే కర్ట్ ఈ కాగితం సభలో చదువుతాడు."

"శనివారానికి వాడు ఇక్కడుండడు."

"నీకు రాజకీయం తెలియదు సువర్చలా."

"వాణ్ని చూసుకుంటామని మా అమ్మకి మాటిచ్చి రప్పించామండీ. మీరిచ్చారు ఆ మాట," అంది ఆమె. గొంతు పెంచలేదు.

శుక్రవారం పొద్దున ఆమె గోదాము గేటు దగ్గరికి వెళ్లింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. గోవర్ధనరావు కూర్చుని ఆ ఉత్తరం రాశాడు. నిజం చెప్పాలి, బాగా రాశాడు. నా భార్య తమ్ముడు, పదమూడేళ్లుగా నా ఇంట్లో మనిషి, ఒక్కనాడు చట్టం దాటలేదు అని రాశాడు. సంతకం చేయాల్సిన చోట కలం ఆనించి గడియారం వంక చూశాడు. పదకొండున్నర, పావు తక్కువ పన్నెండు. పన్నెండు కొట్టాక కలం మూసి, ఆ కాగితం మడిచి నా పెట్టెలో నా కింద పెట్టాడు. గేటు దగ్గర సువర్చలకు బస్సు అద్దాల్లోంచి మనుషుల ఆకారాలే కనిపించాయి. వాటిలో తమ్ముడిది ఏదో పోల్చుకోలేకపోయింది.

శనివారం హాలు నిండింది. కుర్చీలు వేసేవాడు లేక వచ్చినవాళ్లే తలా ఒకటి లాక్కున్నారు. కర్ట్ లేచి, మర్యాదగానే అడిగాడు. పట్టుబడి మన గోదాములో పెట్టినవాళ్లలో ఒకతను గోర్డీ బావమరిది అని విన్నాను, నిజమేనా?

గోవర్ధనరావు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నిజమే. చట్టం అందరికీ ఒకటే. సాయం చేయమని నన్ను అడిగారు. నేను వేలు కూడా కదపలేదు."

ముందు ఒకరు, తరవాత పదిమంది, ఆ తరవాత హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కర్ట్ కూడా కొట్టక తప్పలేదు. అరవై ఏళ్లలో ఆ హాల్లో అంతసేపు చప్పట్లు నేను వినలేదు. ఆ చప్పట్లలోనే వెనక నుంచి సువర్చల నడిచి వచ్చి ముందు వరస దగ్గర నిలబడింది. మాట్లాడతానని ఇంగ్లీషులో అడిగింది. ఆమె పార్టీ సభ్యురాలు కాదని కార్యదర్శి గుర్తుచేసింది. అప్పుడు సువర్చల భర్త వైపు తిరిగి తెలుగులో అంది.

"వాడు మిమ్మల్ని అడిగే గదా వెళ్లాడు."

ఆ హాల్లో ఆ మాట అర్థమైంది ఇద్దరికే. గోవర్ధనరావు నన్ను ఎత్తాడు. వాల్టర్ పట్టినప్పుడు ఏనాడూ తెలియని చెమట ఆ అరచేతిలో తగిలింది. అయినా దెబ్బ సూటిగా పడింది. ఒకటి కాదు, ఆమె వెనక్కి తిరిగి తలుపు దాటేదాకా కొడుతూనే ఉన్నాడు.

పదిహేడు ఓట్ల తేడాతో గెలిచాడు.

సాయంత్రం నా పెట్టె ఇంట్లో పెట్టి ఆయన మళ్లీ అభినందనలు అందుకోవడానికి వెళ్లినప్పుడు సువర్చల దాన్ని తెరిచింది. ఎందుకు తెరిచిందో తెలియదు. నన్ను పొయ్యిలో వేయడానికే అయి ఉండాలి, నేనైతే అట్లాగే అనుకున్నాను. కింద కాగితం కనిపించింది. నిలబడే చదివింది. మొదటినుంచి చివరిదాకా, మళ్లీ ఒకసారి. సంతకం లేని చోట వేలు పెట్టింది. తరవాత దాన్ని ఉన్నట్టే పెట్టి మూత వేసింది. అసలు రాయకపోయి ఉంటే ఆమె ఆ ఇంట్లో ఉండేదేమో. రెండు సూట్‌కేసులు సర్దుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఒక బడి లైబ్రరీలో పనిచేస్తోంది.

పాండును ఎడారి శిబిరంలో ఏడు వారాలు ఉంచారు. గెలిచిన గోవర్ధనరావు అప్పుడు నిజంగానే ఫోన్లు చేశాడు. ఈ కేసు తమ పరిధిలో లేదని ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకు పంపింది. అప్పీలు వదులుకుంటే వెంటనే పంపేస్తాం, లేకపోతే ఎన్నాళ్లో చెప్పలేం అని పాండుకు కాగితం ఇచ్చారు. అతను సంతకం పెట్టాడు. ఇప్పుడు చిలకలూరిపేటలో పెళ్లి వంటలకు వెళ్తున్నాడు. షెరీఫ్ హచిన్స్ రాజీనామా చేసి ట్రాక్టర్లు బాగుచేసుకుంటున్నాడు.

వసంతంలో రాజధానిలో వారసుడెవరో తేలింది. గోవర్ధనరావు ఎవరి జెండాలు కట్టాడో అతనే గెలిచాడు. గెలిచిన నెలలోనే కౌంటీ కమిటీలన్నీ రద్దుచేసి తన మనుషుల్ని పెట్టుకున్నాడు. ఎల్డ్రిడ్జ్‌కు కర్ట్ పేరు వచ్చింది. నాలుగు వరసల ఉత్తరం, అందులో గోర్డన్ అన్న పేరు కూడా తప్పు రాశారు. కర్ట్ వచ్చి హాలు తాళాలు తీసుకెళ్లాడు. అతనికి మైకు ఉంది, నన్ను అడగలేదు.

అట్లా నేను ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద మిగిలిపోయాను. నూనె రాసేవాళ్లు లేక పిడి దగ్గర సన్నగా చీలుతున్నాను. ఆయన నా ఎదురుగానే కూర్చుని తింటాడు. మేమిద్దరం చప్పుడు చేయం.

మొన్న ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. ఆయన స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టుకున్నాడు.

"బావా, పాండూని. బాగున్నారా? అక్క ఫోన్ ఎత్తటంలా, అందుకని మీకు చేశాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?"

గోవర్ధనరావు ఫోన్ దగ్గరికి వంగాడు. అవతల పెళ్లివారి గిన్నెల చప్పుడు, ఎవరో ఉప్పు చాలలేదని అరవడం వినిపిస్తోంది.

"బావా... వినపడుతోందా? హలో... లైను పోయినట్టుంది. మళ్లీ చేస్తాలే," అని పాండు పెట్టేశాడు.

లైను పోలేదు.