దిష్టిదారం కింద

రత్నాబాయిని చేతుల్లేకుండా పుట్టించి ఉంటే దేవుడి సొమ్మేం పోయేదని బుచ్చన్న ఇప్పటికీ అనుకుంటాడు.

బొంబాయి కామాటిపురలో ఒక చాల్‌లో మూడో అంతస్తున ఇద్దరివీ పక్కపక్క ఒంటిగది ఖోలీలు. గదుల ముందు నడవను అందరికీ ఒకటే గ్యాలరీ. తన గడప పక్కన బుచ్చన్నకు సిమెంటు తొట్టి ఉండేది, అందులో గులాబీ. వాళ్ల నాయన తాపీపనికి పోయిన బంగళా కూలుస్తుంటే, చెత్తలో పోకుండా తెచ్చిన మొక్క. పికడిల్లీ అనే వెనకటి రకం. రేకు లోపల ఎరుపు, వెనక పసుపు. ఒక్కటి విచ్చితే చాలు, నీళ్లు మోసేవాళ్లు బిందె దించి మరీ చూసేవాళ్లు.

"ఈపాలి మంట లెక్కుందే బుచ్చన్నా."

పెళ్లాం మల్లమ్మ పోయాక అతని గడప దగ్గర మనిషి ఆగేది ఆ పువ్వు కోసమే. ఆగితే చాలు, నాయన కథ ఎత్తుకునేవాడు. తెలిసిన కథే అయినా పువ్వు మీది మర్యాదకు వినేవాళ్లు.

మొక్క మొదలు దగ్గర నాయన కట్టిన నల్లదారం ఉండేది. పాతదైతే కొత్తది కట్టారే గానీ ఎందుకని ఎవరూ అడగలేదు. దిష్టికి కాక ఇంకెందుకు?

నిరుడు వానల్లో మేనత్త దినాలకు పాలమూరు పోతూ, నీళ్లు పొయ్యమని రత్నాబాయికి అప్పగించి పోయాడు. వచ్చేసరికి తొట్టిలో వేలెడు మోడు.

"గుబురుగ పూయాలెనని కోసిన. మల్లెను కోస్తలేమా?" అంటూ రత్నాబాయి ఎండిన కొమ్మ తెచ్చి చేతిలో పెట్టింది. దారం దానికి అట్లాగే ఉంది. "దిష్టిదారం తెంపొద్దు గద. అందుకే దాని కిందికి కోసిన. గంత తెల్వనిదాన్నా?"

మోడు చిగిర్చింది. తాపీపనికి పోతూ, వస్తూ బుచ్చన్న దాన్నే చూశాడు. ముళ్లతో పిచ్చిగా పెరిగింది. ఎండలు మొదలవుతుండగా పూసింది. గుత్తులు గుత్తులుగా, చిన్నవి, తెల్లవి.

గ్రాంట్ రోడ్‌లో బండి మీద మొక్కలమ్మే పాలమూరాయన బుచ్చన్న పట్టుకుపోయిన దారం కొమ్మనూ, తెల్లపువ్వునూ చూసి పెదవి విరిచాడు.

"అంటుమొక్క మామా ఇది. కిందిది అడవి గులాబి. అంటు ఏడుందో యాదికి దారం కట్టిండ్రు. నీ పువ్వు దారం పైనే ఉండె."

వచ్చి రత్నాబాయికి చెప్పాడు.

"తెల్లదైతేంది అన్నా? దేవునికి పనికొస్తది" అంది ఆమె.

తెల్లపువ్వు కోసం ఎవరూ బిందె దించలేదు. పైగా రత్నాబాయి కోడలు నీత చీర ముళ్లకు పట్టుకుని చిరిగింది. తొట్టి తీసెయ్యమని ఆ పిల్ల మరాఠీలో అంది. వెనకేసుకొచ్చే నోరు ఒక్కటీ లేవలేదు. బుచ్చన్నే సుత్తి తెచ్చి పగలగొట్టుకున్నాడు.

ఇప్పుడక్కడ రత్నాబాయి వాళ్ల చెప్పుల స్టాండు. మనుషులు ఇప్పుడూ ఆగుతారు. చెప్పులు విడిచి పక్క ఖోలీలోకి పోతారు. తాపీవాడి కంటికి టేపు అక్కర్లేదు: పోయిన జాగా రెండున్నర అడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు.