మూడు మంచెలు

తడిగుడ్డ గట్టిగా పిండి జమ్ములమ్మ ముందుగా ఆటపెట్టె అద్దం తుడిచింది. అద్దం తరువాతే నేల. ఈ దుకాణంలో పనికి చేరిన నాటి నుంచి ఆమె వరుస అదే. గోడ వెంట కొత్తగా పెట్టిన కంప్యూటర్లను పొడిగుడ్డతో తుడవాలని యజమాని దశరథం చెప్పాడు కాబట్టి తుడుస్తుంది కానీ, వాటి దగ్గర ఆమె చెయ్యి ఆగదు. మూలన బీరువా అంత ఎత్తున ఉన్న పాత ఆటపెట్టె దగ్గరికి వచ్చేసరికి నిదానమవుతుంది. తెర మీద ఆటలోని పురుగులు వరుసలు కట్టి కిందికి దిగుతుంటే, వాటి మీదుగానే గుడ్డ నడిపిస్తుంది.

గద్వాల పాత బస్టాండు వెనక సందులో ఒకప్పుడు అది వీడియో గేముల దుకాణం. బడి ఎగ్గొట్టిన పిల్లలతో, చెమట వాసనతో, అరుపులతో నిండి ఉండేది. పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. మిగిలింది ఈ ఒక్కటే. బోర్డు మీద ఇప్పుడు ఇంటర్నెట్ అని రాసి ఉంది.

జమ్ములమ్మకు నలభై దాటాయి. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి వాలి ఉంటుంది. కుడిచేతి బొటనవేలి చివర కాయ కాచి, గోరు వెడల్పుగా, పలకలా తయారైంది. పెళ్లయింది కానీ, ఆయన రాయచూరులో ఇంకొకామెతో ఉంటున్నాడు. ఆ సంగతి అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు.

షట్టరు అవతల చెల్లెలు భాగ్యమ్మ వచ్చి నిలబడింది. చంకలో గోనెసంచి మూట ఉంది.

"అక్కా, లారీ పొద్దుగూకే యాళ్లకు వస్తదంట. పట్నంల పెద్ద బిల్డింగు పని. మేస్త్రీకి నీ పేరు చెప్పిన. వస్తవా, రావా?"

"చూస్త."

"ఏం జూస్తవక్కా? గీ డబ్బా ఇయ్యాల పోతదంట గద."

"జాతరల దుకాణాలు పెట్టే ఆయన వస్తుండు, దీన్ని చూడనీకి. నచ్చి తీస్కపోతే నేను గూడ పోత. డబ్బాను చూస్కునే మనిషి గావాలన్నడంట."

"ఏడికి పోతవ్?"

"ముందుగాల కురుమూర్తి జాతర. అటెంక మన్నెంకొండ. యాడ జాతరైతే ఆడికి."

భాగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొగుని ఎంబడి పోనిదానివి, డబ్బా ఎంబడి పోతవా?"

జమ్ములమ్మకు కూడా నవ్వొచ్చింది. "మొగుడు మాట ఇనడు. ఇది ఇంటది."

"సరే తియ్. ఆ జాతరలాయన రాకుంటే మటుకు లారీకాడికి రా. ఒక్కదానివి ఈడ ఉండి ఏం తింటవ్?" అని మూట సర్దుకుని భాగ్యమ్మ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దశరథం అన్నానికి ఇంటికి వెళ్తాడు. అప్పుడు జమ్ములమ్మ షట్టరు సగం దించి, సోడాలు తెచ్చే చెక్కపెట్టె బోర్లించి, దాని మీదికి ఎక్కుతుంది. ఆటపెట్టె వెనక చెయ్యి పెట్టి ఒక తీగను ఇంకొక తీగకు తాకిస్తే బిళ్ల వెయ్యకుండానే ఆట మొదలవుతుంది. కడ్డీ ఎడమ చేతికి, బొత్తాం కుడి బొటనవేలికి. తెర అడుగున ఆకుపచ్చ విమానం, పైన పురుగుల దండు.

మొదటిసారి చూసినప్పుడే ఆమెకు అది కొత్త ఆట అనిపించలేదు. కృష్ణ ఒడ్డున వాళ్లకు జొన్నచేను ఉండేది. కంకి పాలు పోసుకునే కాలంలో తెల్లవారకముందే ఆమెను మంచె మీదికి ఎక్కించేవాళ్లు. వడిసెలలో రాయి పెట్టి, తల చుట్టూ తిప్పి వదిలితే, పిట్టల గుంపు లేచి, గాలిలో మడత పడి, మళ్లీ పక్క సాళ్లలోకి దిగేది. ఎక్కడికి దిగుతాయో అక్కడికి ముందే రాయి పోవాలి. పిట్టను చూసి కొడితే పిట్ట ఉండదు. "ఆఖరుకు మిగిలిన పిట్టను కొట్టకు బిడ్డా. దాని కడుపు గింతంత. జర తిననీ, అటెంక అదే పోతది," అనేవాడు తండ్రి. శ్రీశైలం డ్యాము నీళ్లు ఎదురెక్కి వచ్చిన ఏడు చేను మునిగింది. కంకులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మంచె కాళ్లు కొన్నాళ్లు నీళ్లపైన కనిపించి, తరువాత అవీ కనిపించలేదు.

ఇక్కడ కూడా ఆమె ఆఖరి పురుగును వెంటనే కాల్చదు. ఒక్కటే మిగిలితే అది పిచ్చిపట్టినట్టు పరుగెత్తుతుంది. కొన్ని వరుసలు కిందికి దిగనిచ్చి, ఇక విమానాన్ని తాకుతుందనగా కాలుస్తుంది. కొన్నిసార్లు ఆలస్యమై ఆట పోతుంది కూడా. అయినా ఆ పద్ధతి మార్చుకోలేదు.

ఆట ముగిశాక పెట్టె పేరు అడుగుతుంది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అది ముందుగా చూపించే అక్షరానికే మూడుసార్లు బొత్తాం నొక్కుతుంది. రెండు కాళ్లు ఏటవాలుగా పాతి, నడుమ అడ్డకర్ర కట్టిన గుర్తు. ఆమె కళ్లకు అది మంచె. పేర్ల పట్టికలో అన్నిటికంటే పైన మూడు మంచెలు పక్కపక్కన నిలబడతాయి.

కరెంటు పోతే ఆ పట్టిక తుడిచిపెట్టుకుపోయేది. మొదట్లో అలా పోయిన ప్రతిసారీ ఆమె అన్నం సరిగా తినలేకపోయేది. తరువాత దశరథం ట్రాక్టరు బ్యాటరీ, ఇన్వర్టరు తెచ్చిపెట్టాడు. అప్పటి నుంచి ఆమె ఆ పెట్టెను ఆపనే లేదు. "రాత్రిపూట ఆపరాదు?" అని దశరథం చాలాసార్లు అన్నాడు. ఆమె తలూపేది కానీ ఆపేది కాదు. కొన్నాళ్లకు ఆయనే అడగడం మానేశాడు. కర్నూలు నుంచి వచ్చిన మెకానిక్కు ఒకడు, "అప్పుడప్పుడు దీనికి విశ్రాంతి ఇయ్యమ్మా. లేకుంటే ఏదో ఒకనాడు ఆపినాక మళ్లీ లేవదు," అని చెప్పి వెళ్లాడు. ఆపకపోతే సరి కదా అనుకుంది జమ్ములమ్మ. ఏళ్ల తరబడి వెలిగి వెలిగి, ఆ మూడు గుర్తులు అద్దం లోపలి పూతలోకి దిగిపోయాయి. ఆట నడుస్తున్నప్పుడు కూడా పురుగుల వెనక వాటి నీడ కనిపిస్తుంది.

ఈరోజు ఆట మధ్యలోనే షట్టరు మోగింది. ఆమె గబుక్కున దిగి చీపురు అందుకుంది.

దశరథం వెంట జాతరల ఇస్రాయేలు వచ్చాడు. రంగులరాట్నం, బెలూన్లు కాల్చే తుపాకులు జాతరల్లో తిప్పే మనిషి. మెడలో దస్తీ, నోట్లో వక్క. పెట్టె చుట్టూ తిరిగి, వీపు మీద చరిచి చూశాడు.

"గట్టిగనే ఉంది సేటు. ఎవరన్నా జర ఆడి చూపియ్యండ్రి."

"నేనే ఆడ్త. ఈమెకేం తెల్వదు, ఊడ్చుడు తుడుసుడే," అన్నాడు దశరథం.

ఆయన విమానాన్ని పురుగుల కిందికే తీసుకెళ్లి నిలబెట్టాడు. జమ్ములమ్మ బొటనవేలు చీపురుకట్ట మీద కదిలింది. రెండో దండు రాకముందే ఆట అయిపోయి, పేర్ల పట్టిక వచ్చింది.

"పైన ఉన్నోడు ఎవడు సేటు, గీ ఏ ఏ ఏ? మస్తు ఆడిండే!"

"ఎవడో రాయచూరోడంట. పోరగాండ్లు అనుకునేటోళ్లు. నేనైతే ఎన్నడు జూడలే."

జమ్ములమ్మ గచ్చు మీది మట్టిని మళ్లీ అదే చోట ఊడ్చింది.

ఇస్రాయేలు ఆమె వైపు తిరిగాడు. "నువ్వేనా అక్కా వస్తనన్నది? డేరాల పండుడు, ఊరూరు తిరుగుడు. ఓర్స్తవా?"

"ఓర్స్తనన్నా."

"అయితే డబ్బాతోని నువ్వు గూడ ఎక్కు. ట్రాలీ ఆటో బయటనే ఉంది." మళ్లీ పెట్టె వైపు చూసి, "ఒక్కటి జూడాలె. నాది జనరేటర్ మీద పని. దినాం ఆపుడు, పెట్టుడు. ఒక్కసారి ఆపి పెట్టండ్రి," అన్నాడు.

"ఆపకన్నా. నడుస్తుంది గద," అంది జమ్ములమ్మ.

"ఆపకుంటే ఆటోల ఎట్ల ఏస్కపోత అక్కా? వైరు పట్టుకుని ఎంబడి ఉరుకుతవా?"

దశరథం నవ్వాడు. జమ్ములమ్మ నవ్వలేదు. ఆపకపోతే ఈయన తీసుకుపోడు. ఆపితే ఏమవుతుందో ఆమెకు భయం.

"నువ్వే ఆపు. నీ చెయ్యి అలవాటు దానికి," అన్నాడు దశరథం.

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. స్విచ్చు మీద ఎవరూ నొక్కకుండా ఎన్నడో తనే అంటించిన టేపును గోటితో లేపింది. ఒకసారి తెర వైపు చూసి, స్విచ్చు కిందికి నొక్కింది. పురుగులు, విమానం, పేర్లు అన్నీ నడుమ ఒక తెల్లచుక్కలోకి ముడుచుకుని, ఆ చుక్క కూడా ఆరిపోయింది. పెట్టెలో ఎప్పుడూ ఉండే జుమ్మనే చప్పుడు ఆగింది. ఆ చప్పుడు లేని దుకాణాన్ని ఆమె ఎన్నో ఏళ్లుగా వినలేదు.

మళ్లీ పైకి నొక్కింది. లోపల ఎక్కడో టప్పుమంది. కాలిన వాసన వచ్చింది. తెర వెలగలేదు.

దశరథం ప్లగ్గు తీసి పెట్టాడు. ఇస్రాయేలు వెనక చెక్క విప్పి లోపలికి ఊదాడు, రెండు తీగలు కదిపాడు. అరచేత్తో చరిచాడు. చాలాసేపు చూశారు. జమ్ములమ్మ చెక్కపెట్టె పక్కన నిలబడి, కడ్డీని పట్టుకునే ఉంది.

"ఇది సచ్చింది సేటు," అని ఇస్రాయేలు చేతులు దస్తీతో తుడుచుకున్నాడు. ఆమెతో మెల్లగా అన్నాడు, "ఏమనుకోకక్కా. గిసొంటియి నా తాన ఇంకా ఉన్నయి, మూలకు పడి. డబ్బా లేనిది మనిషిని ఏం పెట్టుకోను?"

ఆటో ఖాళీగా వెళ్లిపోయింది.

సాయంత్రం దశరథం పాతసామాన్లవాణ్ణి పిలిచాడు. వాడు సుత్తితో చెక్కలు ఊడగొట్టి, రాగితీగ చుట్టను, ఇనుమును, బ్యాటరీని బండిలో వేసుకున్నాడు. తెరగాజును మాత్రం సందులోకి మోసుకెళ్లి, మురికికాలువ పక్కన గోడకు ఆనించాడు.

"ఇది మాకొద్దు సేటు. పగిల్తే గుచ్చుకుంటది. కొనేటోడు గూడ లేడు."

మూలన పోగైన చెక్కపొట్టును, చచ్చిన బొద్దింకలను జమ్ములమ్మ ఊడ్చి ఎత్తింది. నేల తుడిచింది. ఈరోజు అద్దం లేదు కాబట్టి గుడ్డను ఉతికి తీగ మీద ఆరేసింది.

"పోయొస్త సేటు."

దశరథం కంప్యూటరు మీది నుంచి తల ఎత్తలేదు. "రేపు జర జల్ది రా. ఆ మూలకు సున్నం ఎయ్యాలె."

"ఊఁ," అంది జమ్ములమ్మ.

లారీలో ఆడవాళ్లంతా అప్పటికే మూటల మీద కూర్చున్నారు. భాగ్యమ్మ చెయ్యి అందించి పైకి లాగింది. కృష్ణ వంతెన మీద లారీ పోతున్నప్పుడు జమ్ములమ్మ నీళ్ల వైపు చూడలేదు. బొటనవేలిని మడిచి, పిడికిట్లో దాచుకుని కూర్చుంది.

మర్నాడు పాత బస్టాండు సందులో పొద్దు వాలి, గోడకు ఆనించిన గాజు మీద పక్కగా ఎండ పడింది. నల్లటి అద్దం లోపల మూడు మంచెలు, ఒకదాని పక్కన ఒకటి, ఇంకా నిలబడే ఉన్నాయి.